మీ మార్జిన్ నిండుకుంది

షేర్ల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు ఊళ్ళో కనబడితే ఎవరూ బాగున్నావా అని అడగరు. "అన్నా, ఏ యాప్ మంచిది?" అని అడుగుతారు. టీ అంగడి దగ్గర అడిగారు, పెండ్లి పంక్తిలో అడిగారు, ఒకసారి గార్లదిన్నెలో చావు దివసం భోజనాలకు పోతే విస్తరి ముందు కూడా అడిగారు. "జనం అసలు దుడ్లు పెట్టకముందే మీరు మీ కంపెనీ యాప్‌ను పరీక్ష చేసినారంట గదా, మీకు తెలీకుండా ఉంటాదా?" అంటారు. నిజమే, పరీక్ష చేశాను. అందుకే నోరు విప్పను. ఎందుకు విప్పనో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను. పనికిరాకపోయినా సరే, కడుపులో దాచుకోవడం ఇక నా వల్ల కాదు.

నేను ధర్మవరంలో ఒక బ్రోకరు కంపెనీ బ్రాంచిలో పనిచేశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. షేర్లు కాగితాల రూపంలో ఉన్న కాలంలో గుమాస్తాగా చేరి, అవి కంప్యూటర్లోకి, ఆ తర్వాత ఫోన్లోకి దూరేదాకా అదే బ్రాంచిలో ఉన్నాను. మాది కుందుర్పి పక్క పల్లె. నాయన శనక్కాయ రైతు, అంటే సగం జీవితం మబ్బుల వైపు చూస్తూ గడిపినవాడు. సేద్యం నాకు అబ్బలేదు, తెలుగు అబ్బింది. బ్రాంచిలో బోర్డు రాయించాలన్నా, ఖాతాదారుకు జాబు రాయాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. హెడ్డాఫీసు పంపే తెలుగు కరపత్రాల్లో తప్పులు దిద్ది వెనక్కి పంపడం నాకొక సరదా. "అన్న తెలుగంటే తెలుగే" అనేవాళ్ళు. ఆ పొగడ్త వినీ వినీ నాకు కొమ్ములు మొలిచాయి.

బ్రాంచిలో ముఖ్యంగా మేము ముగ్గురం. మేనేజరు హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, వయసులో నాకు కొడుకులాంటివాడు. మనిషి మంచివాడే గానీ నెలాఖరు టార్గెట్ తప్ప ఇంకో పండగ తెలియదు. కౌంటర్లో ఒకామె కూర్చునేది. నన్ను అన్నా అని పిలిచేది, ఏదున్నా మొహం మీదే అనేది. ఆమె మధ్యాహ్నం డబ్బా మూత తీసి ముందు నా వైపు జరిపేది, ఆ తర్వాతే తాను తినేది. మూడోవాణ్ణి నేను. ఖాతాదారుల్లో ఎక్కువమంది పట్టుచీరల వ్యాపారులు, రేషం, అంటే పట్టునూలు, అమ్మేవాళ్ళు, ఊళ్ళోని కోమటి అంగళ్ళవాళ్ళు. నేతగాళ్ళు తక్కువ.

నేను రిటైరు కావడానికి కొద్దికాలం ముందు కంపెనీ తన మొబైల్ యాప్‌ను తెలుగులోకి తెచ్చింది. జనంలోకి వదిలే ముందు బ్రాంచిల్లో పరీక్షించి చూడమన్నారు. మా బ్రాంచికి ఆ పని నా మీద పడింది. పడిందని రాస్తున్నాను గానీ, నిజానికి ఎగిరి పట్టుకున్నాను. పద్ధతి ఏమిటంటే, కొంతమంది ఖాతాదారులను ఎంచుకోవాలి. వాళ్ళ ఫోన్లలో యాప్ వేసి, అందులో ఉత్తుత్తి డబ్బు పోస్తారు. ధరలు నిజమైనవే, డబ్బు మాత్రం ఉత్తుత్తిది. కొన్నాళ్ళు కొని, అమ్మి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెబితే, నేను రాసి పంపాలి. అంతా బాగుందని నేను సంతకం పెడితే అప్పుడు అసలు డబ్బు.

పని శ్రద్ధగానే చేశాను, అందులో అబద్ధం లేదు. కొనే మీట, అమ్మే మీట పక్కపక్కనే ఉంటే లావుపాటి వేళ్ళున్న వ్యాపారులు ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతున్నారని కనిపెట్టి, వాటిని దూరం జరిపించాను. ఎండలో నిలబడి చూస్తే అంకెలు కనబడడం లేదని రంగు మార్పించాను. మన అనంతపురం ఎండ సంగతి ముంబయి హెడ్డాఫీసులో ఏసీ కింద కూర్చున్నవాడికి ఏం తెలుసు? ఇట్లాంటివి పంపినప్పుడల్లా హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చేది. మేనేజరు దాన్ని ప్రింటు తీసి నోటీసు బోర్డుకు గుచ్చేవాడు.

ఉత్తుత్తి డబ్బు చేతికొస్తే మనిషి ఎట్లా ఉంటాడో అప్పుడే చూశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చేతికి ఎముక లేకుండా కొన్నారు. అందరిలోకీ ఘనుడు పట్టుచీరల అంగడి పెద్దాయన ఒకాయన. ఊళ్ళో పెద్ద వ్యాపారి, సొంత డబ్బు రూపాయి తీయాలంటే ముందూ వెనకా చూసే మనిషి. అట్లాంటాయన ఆ ఉత్తుత్తి డబ్బంతా ఒక్క పూటలో ఊడ్చిపెట్టాడు. మర్నాడు పొద్దున నేను ఆయన అంగడి ముందు పోతుంటే చప్పట్లు కొట్టి పిలిచాడు. ఫోను గద్దె మీద బోర్లా పడి ఉంది.

"ఏమప్పా, అంగడి తలుపు తీసి దీపం పెట్టినానో లేదో, నీ ఫోను 'మీ డబ్బు అయిపోయింది' అంటాంది. ఏమి అయిపోయేది? నేనా, నా అంగడా?"

"ఉత్తుత్తి దుడ్లు కదన్నా అవి. మీరే నిన్న అన్నీ కొనేసినారు."

"దుడ్లు ఉత్తుత్తివైతే మాట గూడా ఉత్తుత్తిదేనా? పొద్దుగూకితే అంగడి కట్టేస్తాం అంటాం గానీ మూసేస్తాం అంటామా? దీపం కొండెక్కింది అంటాం గానీ ఆరిపోయింది అంటామా? ఇంట్లో బియ్యం లేకపోతే ఆడోళ్ళు ఏమంటారు? నిండుకున్నాయి అంటారు. మీ కంపెనీలో తెలుగోళ్ళు లేరా?"

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. ఆయన చెప్పినదాంట్లో నాకు తప్పు కనబడలేదు సరిగదా, ఒళ్ళు పులకరించింది. చిన్నప్పుడు మా అమ్మ చేట పట్టుకుని పక్కింటికి పోయి "బియ్యం నిండుకున్నాయి వదినా" అనేది. కరువు ఏళ్ళలో ఆ మాట మా ఇంట్లో తరచుగా వినబడేది. లేమిని లేమి అని పిలవకుండా నిండుదనం పేరు పెట్టి పిలుచుకునే భాష మనది. ఇంత గొప్ప మాట ఉండగా 'అయిపోయింది' ఏమిటి, దరిద్రం! ఆ పూటే కూర్చుని యాప్‌లో 'అయిపోయింది' అని వచ్చే చోట్లన్నీ వెదికి, అన్నింటికీ 'నిండుకుంది' అని దిద్ది పంపాను. డబ్బు దగ్గర దిద్దాను, మార్జిన్ దగ్గర కూడా దిద్దాను.

మార్జిన్ అంటే తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మన దగ్గర కొంత డబ్బుంటే, దాన్ని ధరావతుగా పెట్టుకుని, కంపెనీ అంతకంటే ఎక్కువ షేర్లు కొననిస్తుంది. ఆ ధరావతే మార్జిన్. ధర పడితే నష్టం ముందు దాంట్లోంచే పోతుంది. అది అయిపోవస్తే ఖాతాదారు ఇంకొంచెం డబ్బు వేయాలి, లేదా షేర్లు అమ్ముకుని బయటపడాలి. రెండూ చేయకపోతే కంపెనీయే అమ్మేస్తుంది, మళ్ళీ అడగదు.

నా దిద్దుబాట్ల మీద ఒకరోజు వీడియోలో సమావేశం జరిగింది. మేనేజరు, నేను ఒక కంప్యూటరు ముందు కూర్చున్నాం. మిగతా బ్రాంచిలవాళ్ళు తెర మీద ఎవరి పెట్టెలో వాళ్ళున్నారు. బెంగళూరు ఆఫీసులో యాప్ తెలుగు చూసే అమ్మాయి ఒకామె ఉండేది. చదువుకున్న పిల్ల, నెమ్మదిగా మాట్లాడేది.

"సార్, 'మీ మార్జిన్ నిండుకుంది' అంటే నిండిందని ఎవరైనా అనుకోరా?" అంది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"గుంటూరు పక్క సార్."

"మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయి అనరా?"

"మా అమ్మమ్మ అంటుంది సార్. కానీ అది బియ్యం గురించి. ఖాళీ డబ్బా కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి అర్థమవుతుంది. ఇక్కడ డబ్బా కనబడదు కదా."

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఎంత చక్కగా చెప్పిందో. ఆ రోజు నాకు అది వినబడలేదు. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల అందరి ముందు నా తెలుగును ప్రశ్నిస్తోందన్నదే వినబడింది.

"నువ్వు ఇంకో రెణ్ణెల్లు మీ అమ్మమ్మ దగ్గర ఉండి తెలుగు నేర్చుకుని రా తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

పెట్టెల్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. ఆ అమ్మాయి కూడా నవ్వడానికి ప్రయత్నించి, "సరే సార్, మీరు చెప్పినట్టే పెడతాం" అంది. నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

దిద్దిన యాప్ వచ్చింది. దాన్ని పెద్దాయనకు చూపించాను. "భేష్, ఇదీ తెలుగంటే" అన్నాడు. ఆయన భార్యకు చూపించాను, ఆమె తల ఊపింది. ఇంకా ఒకరిద్దరు వ్యాపారులకు చూపించాను, వాళ్ళూ బాగుందన్నారు. పరీక్ష అయిపోయింది అనుకున్నాను. పిల్లలూ, నేను చేసింది పరీక్ష కాదు. ఏ మాట కావాలని అడిగారో వాళ్ళకే ఆ మాట చూపించి, బాగుందా అని అడిగాను. బాగలేదని ఎందుకంటారు? ఆ మాట ఎప్పుడూ అననివాడికి, విననివాడికి ఒక్కడికైనా చూపించలేదు. ఉత్తుత్తి డబ్బు మళ్ళీ ఖాళీ చేయించి, ఆ మెసేజ్ వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడో పక్కన నిలబడి చూడలేదు. అసలు డబ్బుతో వాడటానికి సిద్ధంగా ఉందని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత వచ్చాడు నేతగాడు. ముప్పై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. పుట్టినప్పటినుంచీ షావుకారు ఇచ్చే రేషంతో, షావుకారు చెప్పిన చీరను కూలికి నేసే మగ్గం వాళ్ళది. ఎట్లాగైనా సొంతంగా రేషం కొని, సొంత చీర నేసి, తానే అమ్ముకోవాలని ఆశ. దానికోసం భార్యాభర్తలు కూడబెట్టుకున్నారు. ఆ ఏడు రేషం ధర కొండెక్కి కూర్చుంది. అది దిగేదాకా డబ్బు ఊరికే ఉంచే బదులు షేర్లలో పెడదామని ఎవరో చెబితే మా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఈ యాపు నమ్మచ్చునా? నాకి ఇంగ్లీషు రాదు" అన్నాడు.

"తెలుగులోనే ఉండాదప్పా. నేనే పరీక్ష చేసినా. ఒక్కొక్క మాట నేను చూసి పెట్టిచ్చినా."

"మీరు చూసింటే సాలు సార్."

ముందు కొన్నాళ్ళు ఉత్తుత్తి డబ్బుతో ఆడి చూడమన్నాను. చూశాడు. మిగతావాళ్ళలా కాదు, ఉత్తుత్తి డబ్బును కూడా సొంత డబ్బులాగే జాగ్రత్తగా వాడాడు. ఏది కొన్నా ఎందుకు కొన్నాడో నాకు వచ్చి చెప్పేవాడు. ఆ తర్వాత అసలు డబ్బు వేశాడు. మార్జిన్ మీద కొంటే లాభం ఎక్కువని మేనేజరు ఆశ చూపాడు. నేను పక్కనే ఉన్నాను, వద్దని అనలేదు. పైగా ఒక సలహా ఇచ్చాను. "ఇంగ్లీషులో ఏవేవో మెసేజ్‌లు వస్తాయి, వాటిని చదవాకు, తికమక పడతావు. తెలుగులో వచ్చింది చూస్కో. అది ఎట్ల చెప్తే అట్ల చెయ్యి" అన్నాను. ఆయన నేను చెప్పినదే చేశాడు.

ఒక వారం మార్కెట్ జారడం మొదలుపెట్టింది. ఆయన భయపడ్డాడు. చీర కూలి కింద వచ్చిన డబ్బు, భార్య దగ్గర మిగిలింది కలిపి, అవసరమైతే వేద్దామని సిద్ధంగా పెట్టుకున్నాడు. ఫోను మగ్గం పక్కనే పెట్టుకుని నేశాడు. ఒక సాయంత్రం ఫోను మోగింది. 'మీ మార్జిన్ నిండుకుంది' అని తెలుగులో వచ్చింది. ఆయన గుండె కుదుటపడింది. "నిండిందంట, ఇంక ఏమీ వేసే పని లేదంట" అని భార్యకు చెప్పాడు. సిద్ధం చేసిన డబ్బు మళ్ళీ లోపల పెట్టించాడు. మర్నాడు మార్కెట్ తెరవగానే ఇంకా పడింది, కంపెనీ ఆయన షేర్లన్నీ అమ్మేసింది. ధరావతు మొత్తం పోయింది. ఇవన్నీ నాకు చాలా రోజుల తర్వాత తెలిశాయి.

షేర్లు అమ్మేసిన ఆ రోజు బ్రాంచి కిటకిటలాడుతోంది. మార్కెట్ పడిన రోజు ఎప్పుడూ అంతే, చావు ఇంటికి వచ్చినట్టు అందరూ వచ్చి కూర్చుంటారు. పట్టుచీరల అంగడి పెద్దాయన కూడా ఉన్నాడు. నేతగాడు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మొహంలో కోపం లేదు. ఎక్కడో చిన్న పొరపాటు జరిగింది, చెబితే సర్దుతారు అన్నట్టు ఉన్నాడు.

"సార్, ఏదో తప్పు జరిగినట్టుండాది. మార్జిన్ నిండిందని నిన్న సాయంత్రం మీరే మెసేజ్ పెట్టినారు. పొద్దున్నకి అన్నీ అమ్మేసినారు. నిండినాక ఏల అమ్ముతారు సార్?"

ఫోను నా చేతికిచ్చాడు. నా మాట అక్కడ ఉంది. చదవగానే అర్థమైంది. బెంగళూరు అమ్మాయి గొంతు చెవిలో వినబడింది. అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే, తప్పు నాదని. గది నిండా మనుషులు, నా వైపే చూస్తున్నారు. నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"నిండుకుంది అంటే ఏమప్పా? అయిపోయిందని. ఇంత తెలుగులో రాసినా అర్థం కాకపోతే మేమేమి చేసేది? తెలుగోడివి కాదా నువ్వు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన "ఈ కాలం పిల్లోళ్ళకి మాటే తెలీదప్పా" అన్నాడు. నేతగాడు ఆయన్నీ నన్నూ చూశాడు. కొంచెంసేపు పెదాలు కదిపాడు, ఆ మాటను మళ్ళీ లోపల చదువుకున్నాడేమో.

"నాకి అంత తెలుగు రాదు సార్. పది తప్పినోణ్ణి. తప్పు నాదే" అన్నాడు. ఫోను తీసుకుని చొక్కాకు తుడుచుకుని, "వస్తా సార్" అని పోయాడు. నష్టపోయినవాళ్ళు బ్రాంచిలో అరవడం నాకు అలవాటే, తిట్టించుకోవడం కూడా అలవాటే. ఆయన అరిచి ఉంటే నేను బాగుపడేవాణ్ణి.

మధ్యాహ్నం జనం తగ్గాక కౌంటరామె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ మాట పెట్టిచ్చింది ఎవరు?"

"నేనే. అయితే ఏమి? తెలుగులో ఉన్న మాటే గదా?"

"ఉన్న మాటే. నాకీ తెలుసు. మాట మీది, తిట్లు ఆయప్పకి. ఇది బాగుండాదా?"

"నీ పని చూసుకోమ్మా" అన్నాను.

చూసుకుంది. ఆ రోజు నుంచి ఆమె తన డబ్బా మూత తీసి నా వైపు జరపడం మానేసింది. పలకరింపు మాత్రం మానలేదు, మర్యాదగా సార్ అనడం మొదలుపెట్టింది.

కొన్ని రోజులకు బెంగళూరు అమ్మాయి ఫోన్ చేసింది. ఇంకో జిల్లా నుంచి ఎవరో ఆ మాట అర్థం కాలేదని రాశారట. "సార్, మార్చేద్దామా?" అని అడిగింది. మార్చేయండి అన్నాను. "మీ దగ్గర ఎవరైనా దానివల్ల పొరబడి నష్టపోయారా సార్? ఉంటే చెప్పండి. మాట మనది కాబట్టి కంపెనీ చూస్తుంది, దానికొక పద్ధతి ఉంది" అంది.

నేతగాడి డబ్బు, ఆయన సొంత మగ్గం, అంతా నా ఒక్క జవాబులో ఉన్నాయి. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"లేదమ్మా, ఇక్కడ అందరికీ అర్థమైంది. ఇక్కడి జనం తెలుగు వేరు" అన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడి అట్లా అన్నానని రాసుకుంటే నాకు కొంచెం గౌరవంగా ఉంటుంది. కానీ అది నిజం కాదు. రిటైర్మెంటు దగ్గర పడింది, నన్ను ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. ఆ అమ్మాయి ముందు ఓడిపోవడం ఇష్టం లేకపోయింది, అంతే. ఒక సంసారం ఆశను నా పంతం ముందు చిన్నది చేశాను. సిగ్గుతో రాస్తున్నాను ఈ వాక్యం.

రిటైరైన రోజు శాలువా కప్పారు. మేనేజరు నా గురించి మాట్లాడుతూ, కంపెనీ యాప్‌లో తెలుగు ఇంత బాగుందంటే అది సార్ పుణ్యమే అన్నాడు. చప్పట్లు కొట్టారు. కౌంటరామె కూడా కొట్టింది, రెండు మూడు సార్లు. ఆ శాలువాను ఇంటికి తెచ్చి మడత విప్పకుండా ఎవరికో ఇచ్చేశాను.

ఆ తర్వాత చాలా నెలలు ఊరికే ఉన్నాను. మర్చిపోయాననే అనుకున్నాను. ఒకనాడు బజారులో పోతుంటే నేతగాడు ఎదురొచ్చాడు. చంకలో గుడ్డలో చుట్టిన చీర ఉంది. షావుకారు అంగట్లో ఇచ్చి కూలి తెచ్చుకోవడానికి పోతున్నాడు. సొంత రేషం మాట ఇక లేదన్నమాట. నన్ను చూసి ఆగి, చీర కిందికి జారకుండా చేయి సర్దుకుని, "నమస్తే సార్, ఆరోగ్యం బాగుండాదా?" అన్నాడు. మొహం చాటేయాల్సింది ఆయన కాదు, నేను. ఆయన నాకు నమస్కారం పెట్టాడు.

మర్నాడు బెంగళూరు అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, నేను చెప్పిన అబద్ధంతో సహా. "నేను ఆ రోజే చెప్పాను కదా సార్" అని ఒక్క మాట అంటుందని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. "ఆ ఖాతాదారు సంతకంతో ఫిర్యాదు కావాలి సార్, అందులో మీరు చెప్పినదంతా ఉండాలి. ఆలస్యమైంది, అయినా పంపండి" అంది. ఆ ఫిర్యాదు ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను: పంపాం, పరిశీలనలో ఉందన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. కంపెనీ ఒప్పుకోకపోతే పై అధికారుల దాకా పోతాం.

ఫిర్యాదు నేనే రాశాను. రాసేటప్పుడు నాకొక పిరికి ఆలోచన ఉండింది. నా తప్పంతా కాగితంలో ఉంటుంది, ఆయన చదువుకుని సంతకం పెడతాడు, నేను నోటితో చెప్పే పని ఉండదు. ఆ ధైర్యంతోనే వాళ్ళ వీధికి పోయాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భార్య పక్కన కండెలకు నూలు చుడుతోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. పీట వేశారు, నీళ్ళిచ్చారు.

"ఇది చదివి సంతకం పెట్టప్పా. నీ దుడ్లు తిరిగొచ్చే దారి ఉండాది" అని కాగితం చాపాను.

ఆయన చేయి చాపలేదు. "మీరే చదివి చెప్పండి సార్. నాకి తెలుగు సరిగా రాదు గదా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగా, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు.

తప్పించుకునే దారి లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. 'నిండుకుంది' అన్న మాట పెట్టించినది నేనే అన్న చోట కాగితం కళ్ళకు దగ్గరగా జరుపుకున్నాను. తప్పని ముందే హెచ్చరించినా వినలేదన్న చోట ఆగి నీళ్ళు తాగాను. ఖాతాదారు అర్థం చేసుకున్న తీరులో ఏ తప్పూ లేదని, తెలిసి కూడా నలుగురిలో ఆయననే తప్పు పట్టానని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని చదివాను. నా అక్షరాలు నాకే కనబడకుండా పోయాయి. కండెలు చుట్టే చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు.

ముందు మాట్లాడింది భార్య.

"ఇన్ని దినాలు యాడికి పోయింటివి సార్?"

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆమె ఆగలేదు.

"దుడ్లు పోతే పోయినాయి, మళ్ళ నేసుకుంటాం. ఈ మనిషి మా వీధికంతా పేపరు చదివి చెప్తాండె. ఎవురికి ఏ కాగితం వచ్చినా ఈయప్ప దగ్గరికే వస్తాండ్రి. ఆ పొద్దు నుంచి ఏదీ ముట్టడు. బడి నుంచి బిడ్డ కాగితం తెస్తే నన్ను చదవమంటాడు, అయిదు దాకా చదివినదాన్ని. ఏమంటే, నాకి తెలుగు రాదే, సారు చెప్పినాడు గదా అంటాడు."

ఆయన ఆమెను ఊరుకోమన్నట్టు చేయి ఊపాడు. డబ్బు గురించి అడుగుతాడనుకున్నాను. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని. తిడతాడేమో అని కూడా అనుకున్నాను, తిడితే బాగుండునని.

"అయితే సార్," అన్నాడు, "నాకి తెలుగు వచ్చునా?"

"వచ్చునప్పా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ చెప్పాను. "బాగా వచ్చును. నువ్వు చదివిందే సరి."

ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నావా? నాకి తెలుగు వచ్చునంట. సారే చెప్తాండాడు."

నేను కాగితం నేల మీద పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, పెన్ను ఇచ్చాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. కాగితాన్ని తన వైపు తిప్పుకుని, వేలు మొదటి వరుస కింద పెట్టుకుని, పైకే చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాటా, ఎక్కడా తడబడకుండా. చివరిదాకా చదివి ముగించేవరకు నేను తల ఎత్తలేదు.